ఆట అయ్యాక మాట

1969 జులై మొదటి వారం. అపోలో 11 చంద్రుడి మీద దిగడానికి రెండు వారాల గడువే ఉంది. హ్యూస్టన్‌లోని నాసా మిషన్ కంట్రోల్ గదిలో ఇంజనీర్లు తెరల ముందు కూర్చుని, నౌక కిందికి దిగుతుంటే ఒక్కో అంకెనూ కళ్లార్పకుండా చూస్తున్నారు. నిజానికి అంతరిక్షంలో నౌకే లేదు. వ్యోమగాములు భూమి మీదే, సిమ్యులేటర్‌లో ఉన్నారు. తెరల మీది అంకెలన్నీ కంప్యూటర్ కల్పించినవే. ఏ పరికరం ఎప్పుడు మొరాయించాలో నిర్ణయించేది రిచర్డ్ కూస్ అనే సిమ్యులేషన్ సూపర్‌వైజర్. గదిలో ఉన్నవాళ్లకు చిక్కుముళ్లు వేయడమే ఆయన ఉద్యోగం.

దిగుతూ ఉండగా నౌకలోని కంప్యూటర్ 1201 అనే హెచ్చరిక చూపించింది. మార్గదర్శక వ్యవస్థ బాధ్యత చూసే స్టీవ్ బేల్స్‌కు అప్పుడు 26 ఏళ్లు. కంప్యూటర్ మీద భారం ఎక్కువైందని ఆయనకు అర్థమైంది. ఆ స్థితిలో ముందుకు సాగొచ్చా లేదా అన్నది మాత్రం తెలియలేదు. దిగడం మానుకుని వెనక్కి రమ్మన్నాడు. ఫ్లైట్ డైరెక్టర్ జీన్ క్రాంజ్ అదే ఆదేశం ఇచ్చాడు. జాగ్రత్తగా వ్యవహరించామనే అందరూ అనుకున్నారు. ఆ తర్వాత జరిగిన సమీక్షలో కూస్ నిర్మొహమాటంగా చెప్పాడు: ఆపాల్సిన అవసరం లేదు, నౌక సరైన దారిలోనే ఉంది, ఇంజను సక్రమంగానే మండుతోంది, కంప్యూటర్ తక్కువ ముఖ్యమైన పనులను పక్కన పెట్టి అసలు పని చేసుకుపోతూనే ఉంది.

ఆ మాట బేల్స్‌కు గుచ్చుకుంది. క్రాంజ్ ఆదేశం మీద బేల్స్ బృందం కంప్యూటర్ ఇవ్వగల హెచ్చరికలన్నిటినీ మళ్లీ తవ్వితీసింది. ఏది వస్తే ఆగాలి, ఏది వచ్చినా సాగొచ్చు అన్నది 24 ఏళ్ల జాక్ గార్మన్ చేత్తో ఒక కాగితం మీద రాసుకుని తన బల్ల మీద పెట్టుకున్నాడు. జులై 20న ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ నిజంగా దిగుతున్నారు. చంద్రుడి ఉపరితలానికి సుమారు పది కిలోమీటర్ల ఎత్తులో 1202 హెచ్చరిక వచ్చింది. గార్మన్ కాగితం చూశాడు, బేల్స్‌కు చెప్పాడు, బేల్స్ సాగమన్నాడు. ఇదంతా కొన్ని సెకన్లలో జరిగిపోయింది. తర్వాత 1201 కూడా వచ్చింది. అప్పటికి దాని సంగతి వాళ్లకు క్షుణ్ణంగా తెలుసు.

ఆటల ద్వారా, సిమ్యులేషన్ల ద్వారా నేర్పడం గురించి ఎవరు మాట్లాడినా ముందు తెరల గురించి, కళ్లద్దాల్లాంటి హెడ్‌సెట్ల గురించి, బొమ్మల నాణ్యత గురించి మాట్లాడతారు. అపోలో అనుభవం చూస్తే విలువ అక్కడ లేదు. ప్రాణహాని లేని చోట ఒక మనిషి తప్పు నిర్ణయం తీసుకోగలిగాడు, ఎందుకు తప్పో అదే రోజు ఒకరు కూర్చోబెట్టి చెప్పారు, నిజంగా అవసరపడే లోపు దిద్దుకునే వ్యవధి దొరికింది. ఈ మూడూ కలిసినప్పుడే సిమ్యులేషన్ చదువు అవుతుంది.

ఆటతో నేర్పాలనే ఆలోచన మనకేమీ కొత్తది కాదు. వైకుంఠపాళిలో నిచ్చెనలకు సద్గుణాల పేర్లు, పాములకు దుర్గుణాల పేర్లు పెట్టి పిల్లలకు నీతి చెప్పాలని చూశారు. పటం అందమైనదే. కానీ అందులో ఆడేవాడు తీసుకునే నిర్ణయం ఒక్కటీ లేదు. పావు ఎక్కడికి పోవాలో పందెమే చెబుతుంది. అహంకారం పాము నోట్లో పడినవాడు అహంకారం చూపించి పడలేదు, పందెం అలా పడింది కాబట్టి పడ్డాడు. పులిజూదం అలా కాదు. పదిహేను మేకలతో మూడు పులులను కట్టెయ్యాలంటే ప్రతి ఎత్తుకూ ఆలోచించాలి. మేకను తొందరపడి పెడితే పులి దూకేస్తుంది, ఎందుకు దూకిందో కళ్లెదుటే కనిపిస్తుంది. బోధన కోణంలో చూస్తే నీతి పేర్లు లేని పులిజూదమే మెరుగైన పాఠం. ఇవాళ విద్య పేరుతో అమ్ముడయ్యే యాప్‌లలో ఎక్కువ భాగం వైకుంఠపాళి కోవలోవే. సరైన జవాబు నొక్కితే నక్షత్రం వస్తుంది. లెక్క ఎలా చేశాడన్నది ఆటకు పట్టదు.

నిర్ణయాన్ని, దాని ఫలితాన్ని ముడివేసిన తొలి గొప్ప యంత్రం ఒక వాద్యాల కర్మాగారంలో పుట్టింది. న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్టన్‌లో ఎడ్విన్ లింక్ అనే యువకుడి తండ్రికి పియానోలు, ఆర్గన్‌లు తయారుచేసే వ్యాపారం ఉండేది. విమానం నడపడం నేర్చుకోవాలంటే ఆ రోజుల్లో విపరీతమైన ఖర్చు. 1929లో లింక్ ఆర్గన్‌లో గాలి ఊదే తిత్తులను, పంపులను తీసుకుని పొట్టి రెక్కల బొమ్మ విమానం ఒకటి చేశాడు. లోపల కూర్చుని కర్ర కదిపితే తిత్తులు ఉబ్బి, ముడుచుకుని, పెట్టె అటూ ఇటూ వాలేది, గుండ్రంగా తిరిగేది. మొదట్లో దాన్ని పైలట్ల బడులు పెద్దగా పట్టించుకోలేదు. వినోద పార్కులు కొనుక్కున్నాయి.

1934 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం తపాలా విమానాల పనిని ప్రైవేటు సంస్థల నుంచి తీసి సైన్యానికి అప్పగించింది. రాత్రిపూట, మంచులో, పరికరాలను మాత్రమే చూస్తూ నడపడంలో సైనిక పైలట్లకు తగిన శిక్షణ లేదు. కొన్ని వారాల్లోనే డజను మంది దాకా చనిపోయారు. అప్పుడు సైన్యం లింక్‌ను పిలిచింది. ఆయన రావలసిన రోజున పొగమంచు కమ్ముకుని ఉంది. ఈ వాతావరణంలో ఎవరొస్తారులే అని అధికారులు అనుకుంటూ ఉండగా లింక్ పరికరాలను చూసుకుంటూ నడుపుకొచ్చి క్షేమంగా దిగాడు. అంతకంటే ప్రదర్శన ఏం కావాలి? సైన్యం ఒక్కొక్కటి 3,500 డాలర్ల చొప్పున ఆరు యంత్రాలు కొన్నది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి అలాంటివి పదివేల దాకా తయారయ్యాయి. అయిదు లక్షల మందికి పైగా వాటిలో శిక్షణ పొందారు.

ఆ పెట్టెలోంచి ఆకాశం కనిపించదు. పైన మూత వేసేస్తారు. అయినా అంతగా పనికొచ్చిందంటే కారణం మన చెవిలో ఉంది. లోపలి చెవిలో మూడు అర్ధవలయ నాళాలుంటాయి. వాటిలో ద్రవం. తల తిరగడం మొదలైనప్పుడు నాళం కదులుతుంది, ద్రవం కాస్త వెనకబడుతుంది. ఆ తేడాను సన్నటి వెంట్రుకల్లాంటి భాగాలున్న కణాలు పసిగట్టి మెదడుకు చెబుతాయి. అదే వేగంతో ఇరవై సెకన్లపాటు తిరుగుతూ ఉంటే ద్రవం కూడా నాళంతో సమానంగా తిరగసాగుతుంది. తేడా పోతుంది. ఇక తిరగడం లేదని మెదడు నమ్మేస్తుంది. మేఘంలో చిక్కుకున్న విమానం ఒక పక్కకు వాలి తిరుగుతూ ఉంటే పైలట్‌కు తిన్నగా పోతున్నట్టే ఉంటుంది. పరికరం చూసి సరిచేస్తే, ఇప్పుడు రెండో పక్కకు వాలిపోతున్నట్టు అనిపిస్తుంది. ఒంటి మాట విని మళ్లీ పాత వాలులోకే తీసుకెళ్లాడా, విమానం సుడి తిరుగుతూ నేలకు దిగుతుంది. శరీరం అబద్ధం చెబుతుంటే ముల్లును నమ్మడం పుస్తకం చదివితే వచ్చే విద్య కాదు. మూసిన పెట్టెలో మళ్లీ మళ్లీ మోసపోయి, మళ్లీ మళ్లీ బతికి బయటపడితేనే వస్తుంది.

ఇవాళ పెద్ద విమానాల సిమ్యులేటర్లు చెవికున్న మరో బలహీనతను వాడుకుంటాయి. రన్‌వే మీద విమానం పరుగందుకున్నప్పుడు మనం సీటుకు వెనక్కి అదుముకుపోతాం, ఆ ఒత్తిడి అర నిమిషం పాటు ఉంటుంది. గదిలో ఉన్న యంత్రాన్ని అర నిమిషం పాటు ముందుకు పరిగెత్తించే చోటు ఎక్కడుంది? అందుకని ఆరు కాళ్ల మీద నిలబెట్టిన ఆ క్యాబిన్‌ను ముందు కాస్త ముందుకు జరిపి, తర్వాత నాళాలు పసిగట్టలేనంత నెమ్మదిగా వెనక్కి వాలుస్తారు. వీపును సీటుకు అదుముతున్నది నిజానికి భూమ్యాకర్షణ. కళ్లముందు తెరలో మాత్రం రన్‌వే సమతలంగా ముందుకు సాగుతూ ఉంటుంది. వాలడానికీ వేగం పెరగడానికీ తేడా చెప్పగల ఇంద్రియం మన చెవిలో లేదు, కంటిని నమ్మి మెదడు ఒప్పేసుకుంటుంది. ఈ యంత్రాలు ఎంత నమ్మకం సంపాదించుకున్నాయంటే, అనుభవమున్న పైలట్ కొత్త రకం విమానానికి మారేటప్పుడు శిక్షణంతా సిమ్యులేటర్‌లోనే ముగించి, మొదటిసారి అసలు విమానాన్ని లేపేటప్పుడే వెనక ప్రయాణికులు కూర్చుని ఉండొచ్చు. మన హైదరాబాద్‌లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ కాలంలోనే పైలట్ల శిక్షణ కేంద్రం నడిచింది. సైనికులకు సిమ్యులేటర్లు తయారుచేసే జెన్ టెక్నాలజీస్ 1993లో ఈ నగరంలోనే మొదలైంది.

ఇంత నమ్మకం ఉన్న చోట అబద్ధం దూరితే ఏమవుతుందో కూడా చెప్పుకోవాలి. 2001 నవంబర్ 12న న్యూయార్క్ నుంచి బయల్దేరిన అమెరికన్ ఎయిర్‌లైన్స్ 587 విమానం, ముందు వెళ్లిన పెద్ద విమానం వదిలిన గాలి సుడిలోకి వెళ్లింది. అది ప్రమాదకరమైన సుడి కాదు. కానీ కో పైలట్ తోకలోని రడ్డర్‌ను పెడళ్లతో బలంగా అటూ ఇటూ తొక్కాడు. ఆ తాకిడికి నిలువు తోక విరిగి ఊడిపోయింది. విమానంలోని 260 మంది, నేల మీద అయిదుగురు చనిపోయారు. దర్యాప్తు సంస్థ ఆ తొక్కుడును, ఆ రకం విమానంలో రడ్డర్ వ్యవస్థ తీరును, వాటితోపాటు ఆ విమాన సంస్థ పైలట్లకు ఇచ్చిన ప్రత్యేక శిక్షణలోని కొన్ని అంశాలను కూడా వేలెత్తి చూపింది. ఆ శిక్షణలోని ఒక సిమ్యులేటర్ అభ్యాసంలో గాలి సుడి తగలగానే విమానం నిజంలో జరగనంతగా పక్కకు పడిపోయేది. పైలట్ ఎంత సరిచేసినా కొంతసేపు స్పందించకుండా ప్రోగ్రామ్ చేసి పెట్టారు. సుడి అంటే మహా ప్రమాదమనీ, బలంగా తొక్కితే తప్ప విమానం లొంగదనీ ఆ అభ్యాసం నేర్పే అవకాశం ఉంది. మంచి ఉద్దేశంతోనే చేసి ఉంటారు. అయినా సిమ్యులేషన్ నేర్పేది ఉద్దేశాన్ని కాదు, తన లోపల రాసి ఉన్న నియమాన్ని. నియమం తప్పయితే తెర ఎంత నిజంగా కనిపిస్తే అంత చేటు.

అటువైపు, నియమం నిజమైతే అట్టముక్క చాలు. ఎంఐటీ మేనేజ్‌మెంట్ విద్యార్థులు 1960ల నుంచీ ఆడుతున్న బీర్ గేమ్ నాకు ఈ విషయంలో అన్నిటికన్నా నచ్చిన ఉదాహరణ. కంప్యూటర్ అక్కర్లేదు. బల్ల మీద ఒక పటం, కొన్ని బిళ్లలు, చీటీలు ఉంటే చాలు. నలుగురు వరుసగా కూర్చుంటారు: చిల్లర వ్యాపారి, టోకు వ్యాపారి, డిస్ట్రిబ్యూటర్, కర్మాగారం. ప్రతి వారం ఒక్కొక్కరూ తమ పైవారికి ఎన్ని పెట్టెలు కావాలో చీటీ రాసి పంపాలి. సరుకు వచ్చేసరికి కొన్ని వారాలు పడుతుంది. నిల్వ ఉంటే పెట్టెకు వారానికి అర డాలర్ ఖర్చు, అడిగినవాడికి ఇవ్వలేకపోతే ఒక డాలర్. ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. కొనుగోలుదారు ఎంత అడుగుతున్నాడన్నది చిల్లర వ్యాపారికి మాత్రమే తెలుస్తుంది.

కొనుగోలుదారు చేసేది ఇంతే: మొదటి నాలుగు వారాలు నాలుగేసి పెట్టెలు అడుగుతాడు. అయిదో వారం నుంచి ఎనిమిది అడుగుతాడు. ఆట ముగిసేదాకా ఎనిమిదే. ఒకే ఒక్క మార్పు. కానీ చిల్లర వ్యాపారి దుకాణం ఖాళీ అవుతుంటే కంగారుపడి కాస్త ఎక్కువ రాస్తాడు. సరుకు రాలేదని మరి కాస్త ఎక్కువ. టోకు వ్యాపారికి ఆ పెంపు ఇంకా పెద్దగా కనిపిస్తుంది, ఆయనా పెంచుతాడు. కర్మాగారం దాకా వెళ్లేసరికి ఆ చిన్న మార్పు ఉప్పెన అవుతుంది. కొన్ని వారాలకు అందరి సరుకూ ఒక్కసారే వచ్చి పడుతుంది, గోదాములు నిండిపోతాయి, చీటీల మీద సున్నాలు మొదలవుతాయి. ఎంఐటీ ఆచార్యుడు జాన్ స్టెర్మన్ 1989లో ప్రచురించిన పరిశోధనలో జట్ల సగటు ఖర్చు, అతి తక్కువలో సాధ్యమయ్యే ఖర్చుకు పది రెట్లు ఉందని తేలింది. ఆడినవాళ్లలో చదువుకోని వాళ్లెవరూ లేరు.

ఆ ఆటలో అసలు పాఠం చివర్న ఉంటుంది. కొనుగోలుదారు ఎలా అడిగి ఉంటాడో గీత గీయమని ఆటగాళ్లను అడుగుతారు. ఎక్కువమంది కొండలూ లోయలూ గీస్తారు. ఒక్కసారి పెరిగి అలాగే ఉండిపోయిన అసలు గీతను అప్పుడు చూపిస్తారు. అంతవరకూ పక్కవాడి తెలివితక్కువతనాన్ని, కొనుగోలుదారు చపలత్వాన్ని తిట్టుకున్నవాళ్లు, ఎవరి తప్పూ ప్రత్యేకంగా లేకుండానే నలుగురూ కలిసి ఈ గందరగోళం తయారుచేశామని గ్రహిస్తారు. ఆలస్యం, పరస్పరం సమాచారం లేకపోవడం, ఈ రెండే దానికి చాలు. 2021లో చిప్పులు దొరక్క కార్ల కంపెనీలు ఉత్పత్తి ఆపుకోవలసి వచ్చినప్పుడు జరిగినదాంట్లో ఈ ఆట ఛాయలు స్పష్టంగా ఉన్నాయి. కోవిడ్ మొదట్లో ఆర్డర్లు రద్దు చేసుకున్నారు, గిరాకీ తిరిగొచ్చాక అందరూ ఒకేసారి ఎగబడ్డారు. చివరి ఆ అరగంట చర్చ తీసేస్తే బీర్ గేమ్ కాలక్షేపం, అంతే.

ఈ చర్చ ఎంత ముఖ్యమో వైద్యులు కొలిచి చూశారు. వైద్యంలో సిమ్యులేషన్‌కు పెద్ద చరిత్ర ఉంది. నార్వేలో బొమ్మలు చేసే ఆస్మండ్ లేర్డాల్ 1960లో రూపొందించిన రెససీ ఆన్ అనే బొమ్మ మీదే ప్రపంచంలో లెక్కలేనంత మంది ఆగిన గుండెను నొక్కి ఊపిరి పోయడం నేర్చుకున్నారు. 2002లో ప్రచురితమైన యేల్ విశ్వవిద్యాలయ అధ్యయనంలో, కంప్యూటర్ సిమ్యులేటర్ మీద సాధన చేసిన యువ సర్జన్లు పిత్తాశయ శస్త్రచికిత్సలో పిత్తాశయాన్ని వేరుచేసే భాగాన్ని 29 శాతం వేగంగా పూర్తిచేశారు, తప్పులు ఆరో వంతుకు తగ్గాయి. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం 2006లో వచ్చిన మరో అధ్యయనం. మత్తు వైద్యం చదువుతున్న 42 మందిని ఆపరేషన్ బల్ల మీద రోగి ప్రాణం మీదికి వచ్చే సిమ్యులేషన్‌లో పెట్టారు. కొందరికి తర్వాత ఏ సమీక్షా లేదు. కొందరితో గురువు కూర్చుని మాట్లాడాడు. మిగిలినవాళ్లతో వీడియో చూపిస్తూ మాట్లాడాడు. రెండోసారి పరీక్షించినప్పుడు సమీక్ష లేనివాళ్లు మెరుగుపడలేదు. మాట్లాడినవాళ్లు మెరుగుపడ్డారు. వీడియో వల్ల అదనంగా ఒరిగిందేమీ లేదు. అనుభవమే గురువు అంటాం కానీ, ఇక్కడ అందరికీ అదే అనుభవం దొరికింది. తేడా తెచ్చింది దాని గురించి పెద్దవాళ్లు పెట్టిన సంభాషణే.

బడి సంగతికి వస్తే, మనకు అందుబాటులో ఉన్న అతి మంచి సాధనం పూర్తిగా ఉచితం. భౌతికశాస్త్రంలో 2001 నోబెల్ అందుకున్నవారిలో ఒకరైన కార్ల్ వైమన్, ఆ డబ్బులో కొంత వెచ్చించి 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో ఫెట్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టాడు. విద్యుత్ వలయాలు, లోలకాలు, ఆమ్లాలు, క్షారాలు, భిన్నాలు ఇలా ఎన్నో అంశాల మీద చిన్న చిన్న సిమ్యులేషన్లు అందులో ఉన్నాయి. తెలుగులోకి అనువదించినవీ ఉన్నాయి. ఒకసారి దించుకుంటే ఇంటర్నెట్ లేకుండానే నడుస్తాయి. విద్యుత్ వలయాల సిమ్యులేషన్ మీద 2005లో వచ్చిన అధ్యయనం మన బడులకు చాలా పనికొచ్చేది. కళాశాల విద్యార్థుల్లో కొందరు నిజమైన బల్బులు, వైర్లతో ప్రయోగాలు చేశారు, కొందరు తెర మీదే చేశారు. చివర్న అందరినీ నిజమైన వలయం కట్టి, అది ఎలా పనిచేస్తోందో వివరించమన్నారు. తెర మీద నేర్చుకున్నవాళ్లే మెరుగ్గా కట్టారు, మెరుగ్గా వివరించారు. తెర మీద ఎలక్ట్రాన్లు కదలడం కనిపిస్తుంది. బల్బు జోడిస్తే అవి ఎంత నెమ్మదిస్తాయో కనిపిస్తుంది. రాగి తీగలో ఎవరికీ కనిపించని విషయం అది. అలాగని ప్రయోగశాలకు తాళం వేయమని దీనర్థం కాదు. తీగ తొక్క ఒలిచే నేర్పు, వదులైన కనెక్షన్ వెతికే ఓపిక తెర నేర్పదు. కానీ ప్రయోగశాలే లేని ఉన్నత పాఠశాల పిల్లలకు ఇది ఎంతటి ఆసరా అవుతుందో ఆలోచించండి.

దాన్ని ఎలా ఆడించాలన్నది కూడా ఫెట్ పరిశోధకులు గమనించారు. మొదట ఇది నొక్కు, తర్వాత అది నొక్కు అని మెట్లు మెట్లుగా రాసిచ్చిన పిల్లలు చెప్పినంతవరకే చేసి ఆగిపోయారు. ‘ఈ బల్బు వెలుగు పెంచడానికి ఎన్ని దారులున్నాయి?’ లాంటి ప్రశ్న ఇచ్చి వదిలేస్తే తామే వెతుక్కుంటూ పోయారు. తప్పు వలయం కట్టి బ్యాటరీకి మంట పుట్టించనివ్వాలి. తెర మీద మంటలు ఎవరినీ కాల్చవు. మంట ఎందుకొచ్చిందని అడగడం దగ్గర ఉపాధ్యాయుడి పని మొదలవుతుంది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఇప్పుడు ఇంటరాక్టివ్ ప్యానెళ్లు ఉన్నాయి. వాటిలో వీడియో పాఠం పెట్టి పిల్లలను వరుసలో కూర్చోబెడితే అది పెద్ద టీవీ అవుతుంది. అదే తెర మీద ఒక వలయం తెరిచి, పిల్లలను రెండు జట్లు చేసి, ఏమవుతుందో ముందే ఊహించి చెప్పమని, తర్వాత స్విచ్ నొక్కనిస్తే ప్రయోగశాల అవుతుంది. పరికరం అదే, ఖర్చు అదే. హెడ్‌సెట్లు, యాప్‌లు అమ్మేవాళ్లు బడి గుమ్మం ఎక్కినప్పుడు ప్రధానోపాధ్యాయులు, తల్లిదండ్రులు మూడు ప్రశ్నలు అడగాలి. ఇందులో పిల్లవాడు తీసుకునే నిర్ణయం ఏది? ఆ నిర్ణయానికి ఫలితం నిజ జీవితంలో వచ్చినట్టే వస్తుందా? ఆట అయ్యాక దాని గురించి ఎవరు మాట్లాడతారు? మొదటి రెండిటికీ సరైన జవాబు రాకపోతే డబ్బు పెట్టకండి. మూడోదానికి జవాబు అమ్మేవాళ్ల దగ్గర ఉండదు. నలభై అయిదు నిమిషాల పీరియడ్‌లో ఆటకు ముప్పై, మాటకు పదిహేను కేటాయించండి. సిలబస్ వెనకబడుతుందని భయపడి ఆ పదిహేను నిమిషాలను మాత్రం కోసెయ్యకండి.